ముందు ముఖం చూపించు

నేను ఒక అద్దాన్ని. ఎవరినీ నమ్మను. నా ముందుకు వచ్చి నిలబడే ప్రతి మనిషీ ఏదో ఒకటి దాచుకునే వస్తాడు. పొట్ట లోపలికి బిగబట్టుకునేవాడు ఒకడు, తెల్లవెంట్రుకను నల్లవాటి కింద తొక్కేసేవాడు ఇంకొకడు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే నా మీదే విసుక్కుంటారు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. అయినా ముఖం ఉన్నవాడితో నాకు పేచీ లేదు. నా కథంతా ముఖం లేనివాళ్ళతో వచ్చిన తంటా.

నేను పుట్టింది పట్నంలో ఒక అద్దాల కొట్టు వెనక గదిలో. గాజుపలకకు వెనక రసం పూసి, ఎర్రరంగు కొట్టి, టేకు చట్రంలో బిగించారు. కొట్టువాడు నన్ను బెల్జియం అద్దమని చెప్పి అమ్మాడు. కొన్నవాడు నమ్మాడు. అతని పేరు సింహాద్రి, నెల్లిపేటలో సెలూన్ నడిపేవాడు. అంత తేలిగ్గా నమ్మే మనిషి చేతిలో పడ్డానే అని అప్పుడే నాకు దిగులు పట్టుకుంది.

సెలూన్‌లో మాటలు ముఖాముఖి జరగవు. కత్తెర పట్టినవాడు కుర్చీ వెనక ఉంటాడు, కూర్చున్నవాడు ముందుకు చూస్తాడు, ఇద్దరూ మాట్లాడుకునేది నాలోనే. పద్నాలుగేళ్ళు నెల్లిపేట కబుర్లన్నీ నా ద్వారానే నడిచాయి. ఊళ్ళో పిలుపులకు కొదవ లేదు. దారిన పోయేవాణ్ణి కూడా "రండి, కూకోండి, టీ తాగి ఎల్లండి" అని లోపలికి లాగే జనం. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చావు అని అడగడం మర్యాద కాదని వాళ్ళ నమ్మకం. అడిగి ఉంటే బాగుండేది.

కార్తీకమాసం మొదలైన మూడో రోజు, దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో ఎవరో దగ్గిన చప్పుడు వినిపించింది. సింహాద్రి అలవాటుగా "రండి రండి" అన్నాడు. కుర్చీ కిర్రుమంది. సింహాద్రి తెల్లగుడ్డ దులిపి కప్పాడు, నురగ కలిపాడు. మీసం ఉంచాలా, తీసెయ్యాలా అని అడగడానికి తల ఎత్తి నా వైపు చూశాడు. నాలో కుర్చీ ఉంది. కుర్చీలో తెల్లగుడ్డ మనిషి ఆకారంలో పొంగి, మెడ దగ్గర ముడి వేసుకుని కూర్చుని ఉంది. ముడి పైన ఏమీ లేదు.

నేనే ముందు ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళలో ఎవర్ని చూపించడంలోనూ నేను తప్పలేదు. లోపం నాలోనే ఉందా అని నన్ను నేను అనుమానించుకున్నాను. సింహాద్రీ చూశాడు. కానీ గుడ్డ కప్పి నురగ కలిపాక మనిషిని లేపి పంపడం అతని వృత్తిలో లేని పని.

"లైటు బాగోనేదు బాబూ, రేపు పగలొస్తే నున్నగా గీస్తాను" అన్నాడు.

"పగలు కుదరదు" అంది నాకు కనిపించనివాడి గొంతు.

సింహాద్రి గడ్డం పూర్తిచేశాడు. ఒకచోట కత్తికి తెగినట్టుంది, గబగబా పటిక రాయబోయి ఆగిపోయాడు. రక్తం రాలేదని తర్వాత అతనే చెప్పాడు. చెప్పింది పక్కనే పిండిమర నడిపే నరసయ్యమ్మకు.

"వదినా, ఇప్పుడే ఒకాయనకి గెడ్డం గీసినాను. అద్దంలో ఆయన పడనేదు. గుడ్డొక్కటే కనబడ్డాది."

"నీ అద్దానికి దుమ్మట్టీసింది గావాల. రేపు తుడుసుకో" అందామె.

ఆ మాటకు నేను నొచ్చుకున్న సంగతి దాచను. మర్నాడు నన్ను ఎవరూ తుడవలేదు. సెలూన్ తెరవలేదు. సింహాద్రి మంచం మీద సున్నంలా తెల్లబడి చచ్చి పడి ఉన్నాడని బయట జనం చెప్పుకుంటుంటే విన్నాను.

రక్తపిశాచులకు వెల్లుల్లి పడదని ప్రతి ఊళ్ళో ముసలమ్మలు చెబుతారు. నెల్లిపేటలో మామూలు రోజుల్లో వెల్లుల్లి పడని వంటిల్లు లేదు. కానీ అది కార్తీకం. ఊరంతా నియమం పట్టి ఉల్లి, వెల్లుల్లి మానేసింది. వచ్చినవాడు పంచాంగం చూసుకునే వచ్చాడని నా అనుమానం. ఇరవై రోజుల్లో సగం ఊరు పోయింది, మిగతా సగం దొరికిన బస్సెక్కి పారిపోయింది. తర్వాత బస్సులూ రావడం మానేశాయి.

మిగిలింది ఒక్క నరసయ్యమ్మ. ఆమె నియమం పట్టలేదు. "మర ఆడించుకునీవోలకి మడేటి" అని ఆ నెలంతా వెల్లుల్లి కారమే తిన్నది. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది. భర్త ఎప్పుడో వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు గాని ఆమె మాత్రం బొట్టు మానలేదు.

ఒక మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు ఆమె సెలూన్ తాళం పగలగొట్టి నా ముందు నిలబడింది. సింహాద్రి చెప్పిన మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది కాబోలు. కొంగుతో నన్ను తుడిచింది. తన ముఖం చూసుకుంది, ఒక వేలితో బుగ్గ నొక్కుకుని మళ్ళీ చూసుకుంది. తర్వాత నన్ను మేకు మీంచి తీసి చంకన పెట్టుకుని మరకు తీసుకుపోయింది.

మరకు ఇనుప షట్టరు ఉంది. పక్కన డబ్బాలు అందుకోవడానికి అడుగు వెడల్పున ఒక చిన్న కిటికీ, దానికి చెక్క తలుపు. షట్టరు అంచులన్నీ ఆమె వెల్లుల్లి కారం నూరి మెత్తింది. నన్ను కిటికీకి ఎదురుగోడకు వేలాడదీసింది. తాను నాకూ కిటికీకీ మధ్య స్టూలు వేసుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. వాళ్ళ కళ్ళలోకి చూస్తే మనసు మనది కాదని ఆమె భయం. కిటికీ దగ్గర ఎవరైనా పలికితే తల తిప్పకుండా నా వైపు చూసి ఒకే మాట అనేది: "ముందల మొకం సూపించు."

ఇంత నమ్మకం నా మీద ఎవరూ పెట్టుకోలేదు. నాకు గర్వంగా ఉండేది. అంతకన్నా ఎక్కువ భయంగా ఉండేది.

పొద్దు వాలగానే వచ్చేవారు. నా కథలో ముఖ్యులైన వాళ్ళను నేను ఒక్కసారి కూడా చూడలేదు, గొంతులే విన్నాను. సింహాద్రి గొంతు వచ్చింది: "వదినా, కారం ఆడించాల, తలుపు తియ్యవా?" నాలో కిటికీ ఖాళీగా ఉంది. ఆమె వెల్లుల్లి కారం డబ్బా మూత తీసేసరికి అడుగుల చప్పుడు దూరమైంది. నన్ను మరకు తెచ్చిన పదోరోజు సాయంత్రం ఒక ఆడగొంతు వచ్చింది. "చెల్లీ, నానే, రావులమ్మని."

రావులమ్మ ఆమె అక్క. నాలుగు కోసుల దూరంలో చింతలగడ్డలో ఉంటుంది, సంతల్లో వెల్లుల్లి అమ్ముకుని బతుకుతుంది. నరసయ్యమ్మ సగం లేచింది. అయినా తల తిప్పలేదు, నా వైపే చూసింది. కిటికీలో బూడిదరంగు ఆకాశం తప్ప ఏమీ లేదు. "అయ్యో అప్పా, నువ్వూ పోనావా" అని ఆమె నా ముందు కూర్చుని ఏడ్చింది. వాళ్ళు ఎవరి గొంతైనా ఎత్తుకోగలరని నేను అప్పటికే పసిగట్టాను. చెప్పడానికి నాకు నోరేది? ఆ రోజు నుంచి తనకు ఎవరూ లేరని ఆమె నిశ్చయించుకుంది. చింతలగడ్డ వెళ్ళి చూడాలన్న ఆలోచన కూడా వదిలేసింది.

ఆడవాళ్ళు అద్దాన్ని చూసి బొట్టు పెట్టుకుని ఊరుకోరు, తీసిన బొట్టుబిళ్ళను అద్దానికే అంటిస్తారు. నరసయ్యమ్మవి రూపాయంత ముదురెరుపు బిళ్ళలు. రోజూ సూర్యుడు వచ్చాక నిన్నటి బిళ్ళను నుదుటి మీంచి తీసి నా కింది భాగంలో అతికించి, కొత్తది పెట్టుకునేది. ఒక్కో బిళ్ళ ఆమె బతికి బయటపడ్డ ఒక్కో రాత్రి. పక్కపక్కనే, వరస మీద వరస పేర్చింది. నలభై రెండు అయ్యాయి. స్టూలు మీద కూర్చుని చూస్తే కిటికీ నా పైసగంలో పడుతుంది కాబట్టి కింద ఏముందన్నది ఆమెకు పట్టలేదు. నాకూ పట్టలేదు. అందరినీ అనుమానించే నేను, నా ముఖాన అంటించిన వాటిని అనుమానించలేదు.

అప్పుడు తుఫాను పట్టింది. మూడు రోజులు ముసురు, సూర్యుడి జాడ లేదు, కాబట్టి బిళ్ళ మార్చడమూ లేదు. పగలు కూడా వాళ్ళు తిరుగుతున్నారని వీధిలో చప్పుళ్ళను బట్టి తెలుస్తూనే ఉంది. పైకప్పు రేకు లేచి స్టూలు ఉన్నచోట ధారగా కారడం మొదలుపెట్టింది. నరసయ్యమ్మకు జ్వరం తగిలింది. స్టూలు పక్కకు నెట్టి, గోనె కప్పుకుని నేలమీద చతికిలబడింది. కన్ను మాత్రం నా మీంచి తీయలేదు.

మూడోరోజు మధ్యాహ్నం దాటాక, సందె చీకటిలాంటి మబ్బులో, కిటికీ తలుపు మీద దబదబా బాదారు. తలుపు గాలికే బార్లా తెరుచుకుంది.

"ఒలే నరసయ్యమ్మా! బతికున్నావేటే? ఎవులూ నేని ఊళ్ళో ఒక్కర్తివీ ఏటి సేస్తన్నావే? నెగు, పోదాం!"

"ముందల మొకం సూపించు" అంది నరసయ్యమ్మ. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏటా మాట? మొకం ఇక్కడే ఉన్నాది గదే, ఇటు తిరుగు!"

నాకు కనిపించింది. బిళ్ళకూ బిళ్ళకూ మధ్య సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించింది. తెల్లరాయి ముక్కుపుడక, నుదుటికి అతుక్కున్న నెరిసిన జుట్టు, గడ్డం మీంచి కారుతున్న వాన. నిజమైన ముఖం. నలభై అయిదు రోజుల తర్వాత ఆ కిటికీలోకి వచ్చిన మొదటి మనిషి ముఖం. కానీ నరసయ్యమ్మ నేలమీద ఉంది. అంత కిందనుంచి చూస్తే కిటికీ నా కిందిసగంలో, సరిగ్గా ఆ బిళ్ళల వెనక పడింది. ఆ మసక వెలుగులో ముదురెరుపంతా నల్లగా కలిసిపోయింది. ఆమెకు కనిపించింది చీకటి మాత్రమే.

లే తల్లీ, ఒక్క జానెడు పైకి లే అని నేను ఎంత తపించానో మాటల్లో చెప్పలేను. పుట్టాక మొదటిసారి ఒకరిని నమ్మమని చెప్పాలనిపించింది.

"మళ్ళీ మా అప్ప గొంతెత్తుకొచ్చినావా!" అని అరిచి, కళ్ళు మూసుకుని, ఆమె డబ్బాలోని కారమంతా వెనక్కి కిటికీలోకి విసిరింది.

"అయ్యో నా కళ్ళు! కళ్ళు పోనాయే నాయనో! ఒలే, నానే, నానేనే!"

నరసయ్యమ్మ తడుముకుంటూ వెళ్ళి కిటికీ తలుపు మూసి గడియ పెట్టింది. బయట ఏడుపు కాసేపు గోడ పట్టుకుని తిరిగింది. చివరికి "నీ గుమ్మం ఇంకోపాలి తొక్కితే నాను రావులమ్మని కాను" అన్న మాట వినిపించింది. అడుగులు తడబడుతూ వానలోకి పోయాయి. లోపల నరసయ్యమ్మ రెండు చెవులూ మూసుకుని ఉంది. గండం గడిచిందని దేవుడికి దండం పెట్టుకుంది కూడా.

తెల్లారేసరికి వాన వెలిసి ఎండ వచ్చింది. నరసయ్యమ్మ నుదుటి బిళ్ళ తీసి, నలభై మూడోది నాకు అంటించడానికి వస్తూ దారిలో కిటికీ తెరిచింది. కిటికీ కింద బురదలో గోనెసంచి పడి ఉంది. అందుకుని లోపలికి లాగింది. జడలు అల్లిన వెల్లుల్లి. పదో పన్నెండో జడలు, వానకు తడిసి ఉబ్బిపోయాయి. సంచి మూతికి కట్టిన గుడ్డ అక్క పాతచీర చెంగు.

వెల్లుల్లి మోసుకొచ్చే పిశాచం ఉండదు. ఆమె సంచి పట్టుకునే నా ముందు నిలబడింది. స్టూలు ఎత్తులో వంగి చూసింది. తర్వాత మెల్లగా, నిన్న కూర్చున్న చోటే నేలమీద కూర్చుని చూసింది. బిళ్ళలు తప్ప ఏమీ కనిపించలేదు. లేచి, గోళ్ళతో ఆ నలభై రెండు బిళ్ళలనూ గీకి పారేసింది. గోరు విరిగి రక్తం వచ్చినా ఆగలేదు. తప్పు నాది కాదని నాకు తెలుసు. అయినా అద్దమన్నాక చూపించాల్సింది చూపించకపోతే సిగ్గుగానే ఉంటుంది.

నన్ను పాతచీరతో వీపుకు కట్టుకుని చింతలగడ్డ దారి పట్టింది. నేను వెనక్కి తిరిగి ఉన్నాను కాబట్టి వదిలి వచ్చిన దారే చూస్తూ పోయాను. దారంతా చెట్లు కూలి ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దారి. దారిలో కొండవాగు, గెడ్డ, పొంగి అడ్డం వచ్చింది, నీరు తీసేదాకా గట్టున కూర్చోవాల్సి వచ్చింది. ప్రతి తుప్పలోనూ ఆమె అక్క కోసం వెతికింది. ఎక్కడా శవం లేదు. అది మంచి కబురో కాదో మా ఇద్దరికీ తెలియదు. ఆ రోజుల్లో శవం లేకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు: మనిషి బతికి ఇల్లు చేరడం, లేదా వాళ్ళలో కలిసిపోవడం.

చింతలగడ్డ చేరేసరికి సూర్యుడు కొండ అంచు మీద ఉన్నాడు. ఆ ఊరూ ఖాళీయే. చూరు చుట్టూ వెల్లుల్లి జడలు వేలాడే ఇల్లు ఒకటే. తలుపు మూసి ఉంది. నరసయ్యమ్మ కొట్టింది.

"ఎవులు?" లోపలి నుంచి గొంతు.

"నానప్పా, నరసయ్యమ్మని."

"నరసయ్యమ్మ నిన్ననే సచ్చిపోనాది నాకు" అంది.

నరసయ్యమ్మ నన్ను వీపు మీంచి దించి, కిటికీ ఊచల దగ్గర పట్టుకుని, తన ముఖం లోపలివాళ్ళకు నాలో కనిపించేటట్టు వాలుగా తిప్పింది. "తిట్టుదువుగాని, ముందల సూడప్పా. అద్దంలో సూడు. పడ్డానా, నేదా?"

నేను చేయగలిగినంతా చేశాను. తుప్పలు గీకిన గాట్లతో, ఎండిన కన్నీటి చారలతో, ఆ ముఖాన్ని ఒక్క ముడత కూడా వదలకుండా చూపించాను.

"ఏటి సూడమంటావే? నిన్నటేల నుంచీ రెండు కళ్ళూ మూసుకుపోనాయి. గెడ్డ పొంగకముందే కర్రతో తడుముకుంటా ఇల్లు సేరినాను. నీ కారమే గదా."

నా పుట్టుకకు కారణమైన పని ఒకటే, అదీ అక్కడ అక్కరకు రాలేదు. కొండ వెనక ఎరుపు తగ్గుతోంది. నాలో నరసయ్యమ్మ ముఖం మసకబారుతోంది. వీధి చివర ఏదో కర్ర విరిగిన చప్పుడైంది. ఆమె ఆ వైపు చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది. ఇప్పుడు బతిమాలుతుంది, తలుపు బాదుతుంది అనుకున్నాను. మనుషుల మీద నా అంచనా ఎప్పుడూ అంతే.

"అయితే తియ్యకప్పా" అంది. "గొంతిని తియ్యకు, ఆళ్ళు ఎవులి గొంతైనా పలుకుతారు. నానీ అరుగు మీదే కూకుంటాను. తెల్లారి నీకు కళ్ళు కనబడితే సూసుకుందువు."

అని నన్ను గోడవైపు తిప్పి ఆనించి, అరుగు మీద కూర్చుంది. నాకు గోడ మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అప్పుడు గడియ తీసిన చప్పుడు విన్నాను. తలుపు కిర్రుమంది. ఎవరో ఎవరినో లోపలికి లాగారు. గాజులు తగిలిన చప్పుడు, దెబ్బ తగిలిన చప్పుడు, ఏడుపు. తలుపు పడింది.

ఆ రాత్రంతా నేను గోడను చూస్తూ అనుమానించాను. తలుపు తీసిన చెయ్యిని నేను చూడలేదు. చూపు లేని మనిషి నిన్న సందెచీకట్లో నాలుగు కోసులు ఒంటరిగా నడిచి ఇల్లు చేరిందంటే ఎలా నమ్మేది? లోపలికి పోయినది ఎవరి దగ్గరికి? చూరుకు వెల్లుల్లి ఉందిగా అని ఒకపక్క, గాలివానకు ఎన్ని జడలు తెగిపోయాయో ఎవరు చూశారు అని ఇంకోపక్క. నా జన్మలో అంత పొడవైన రాత్రి లేదు.

పొద్దెక్కాక తలుపు తెరుచుకుంది. ఎవరో నన్ను ఎత్తి ఎండవైపు తిప్పారు. నాలో రెండు ముఖాలు పడ్డాయి. ఒకటి నరసయ్యమ్మది. పక్కన తెల్లరాయి ముక్కుపుడకతో, బుడగల్లా వాచిన కళ్ళతో, ఎండకు ముఖం చిట్లిస్తూ రావులమ్మ. నా అనుమానం తప్పయినందుకు నాకు సంతోషం వేయడం అదే మొదలు.

ఇప్పుడు నేను ఆ ఇంట్లోనే, లోపలి గోడకు ఉన్నాను. నా మీద ఎవరూ ఏమీ అంటించరు. రావులమ్మకు ఎడమకన్ను కొంత తేరుకుంది. కుడికన్ను తేరుకోలేదు, ఇక తేరుకోదు. చెల్లెలు రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి ఆ కంటిని చల్లటి నీళ్ళ తువ్వాలుతో అద్దుతుంది. అక్క రోజూ తిడుతుంది. నాకు తిట్లు వినిపిస్తే నిశ్చింతగా ఉంటుంది.

మొన్న తిట్లు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు నరసయ్యమ్మ అడిగింది. "ఆ రోజు ఎలగ నమ్మినావప్పా నన్ను? సూడనైనా సూడనేదు."

"నమ్మీసి తీసినానని ఎవులు సెప్పినారే?" అంది రావులమ్మ. "నువ్వు కాదేమోనని రెండుపాల్లు గడియ దాకా వొచ్చి ఎనక్కెల్లినాను. నువ్వే అయితే బయట సచ్చిపోతావు. నువ్వు కాకపోతే, ఇంక నాకు మిగిలినోలు ఎవులున్నారు, తలుపేసుకుని బతకడానికి?"

నరసయ్యమ్మ తువ్వాలు మళ్ళీ నీళ్ళలో ముంచి పిండింది.